తీగ లాగితే డొంక కదలాలి: అమెరికా ఆధునిక చరిత్ర ఫైనల్‌కు చదివే పద్ధతి

అమెరికా హైస్కూల్లో ఈ ఫైనల్ రాయబోతున్నారా? పుస్తకం తెరవకముందే టీచర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఈ పరీక్షలో ‘మోడర్న్’ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఇది స్కూలు స్కూలుకీ మారుతుంది. కొన్నిచోట్ల 1865లో అంతర్యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి చెబుతారు. కొన్నిచోట్ల 1877లో రీకన్‌స్ట్రక్షన్ (యుద్ధంలో ఓడిన దక్షిణాదిని తిరిగి దేశంలో కలుపుకున్న కాలం) ముగిసిన దగ్గర్నుంచి, ఇంకొన్నిచోట్ల 1900 నుంచి. చివర కూడా అంతే. ఒక టీచర్ 1991లో సోవియట్ పతనంతో ఆపేస్తే, మరొకరు 2008 ఆర్థిక సంక్షోభం దాకా లాగుతారు. ఈ రెండు కొసలూ తెలియకుండా మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోయినవాళ్ళకు రైలు రోడ్లు, ఉక్కు కర్మాగారాల గురించి అంతా వస్తుంది. వియత్నాం దగ్గరికి చేరేసరికి మాత్రం రోజులు అయిపోతాయి. పరీక్షలో మార్కులేమో రెండో సగంలోనే ఎక్కువ ఉంటాయి.

రెండో ప్రశ్న పేపర్ స్వరూపం గురించి. మల్టిపుల్ ఛాయిస్ ఎన్ని, షార్ట్ ఆన్సర్లు ఎన్ని, వ్యాసం ఉందా, డాక్యుమెంట్లు ఇస్తారా, దేనికి ఎన్ని మార్కులు? న్యూయార్క్ రాష్ట్రంలో రీజెంట్స్ పరీక్ష రాసేవాళ్ళకు 28 మల్టిపుల్ ఛాయిస్, రెండు చిన్న వ్యాసాలు, ఆరు డాక్యుమెంట్ల మీద ప్రశ్నలు, వాటి ఆధారంగా ఒక పెద్ద వ్యాసం ఉంటాయి. మొత్తం మూడు గంటలు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో డాక్యుమెంట్ వ్యాసానికి ఏడు డాక్యుమెంట్లు ఇస్తారు. స్కూల్ ఫైనల్ టీచర్ సొంతంగా తయారుచేసేదే అయినా, చాలామంది ఈ నమూనాలనే కాస్త అటూ ఇటూ మార్చి వాడతారు. వ్యాసానికి నలభై శాతం మార్కులుంటే మీ సమయంలో నలభై శాతం వ్యాసం రాసి చూడటానికే పోవాలి. ఇది చెప్పడం తేలిక. చేసేటప్పుడు మాత్రం అందరూ చదవడం దగ్గరే ఉండిపోయి, రాయడం పరీక్ష హాలుకే వదిలేస్తారు.

తేదీలు ఎన్ని గుర్తుండాలి?

పదమూడు చాలు. గోడకు మేకులు కొట్టినట్టు ఈ పదమూడు సంవత్సరాలను పాతుకోండి. మిగతావన్నీ వీటికి వేలాడతాయి.

1877: దక్షిణాదిలో కేంద్ర సేనల కాపలా ముగిసింది, నల్లజాతీయుల హక్కుల మీద నీడ కమ్మింది. 1898: స్పెయిన్‌తో యుద్ధం, ఫిలిప్పీన్స్, ప్యూర్టోరికో, గ్వామ్ అమెరికా చేతికి. 1917: మొదటి ప్రపంచ యుద్ధంలోకి. 1929: స్టాక్ మార్కెట్ పతనం. 1941: పెర్ల్ హార్బర్. 1945: అణుబాంబులు, యుద్ధాంతం. 1954: బ్రౌన్ తీర్పు, స్కూళ్ళలో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదని సుప్రీం కోర్టు మాట. 1964: పౌర హక్కుల చట్టం, ఆ వేసవిలోనే వియత్నాంలో సైన్యాన్ని దించడానికి అధ్యక్షుడికి అధికారమిచ్చిన టాంకిన్ గల్ఫ్ తీర్మానం. 1968: వియత్నాంలో కమ్యూనిస్టుల టెట్ దాడి, మార్టిన్ లూథర్ కింగ్ హత్య, నిక్సన్ ఎన్నిక. 1974: వాటర్‌గేట్ కుంభకోణంతో నిక్సన్ రాజీనామా. 1980: రీగన్ ఎన్నిక. 1991: సోవియట్ యూనియన్ అంతం. 2001: సెప్టెంబర్ 11 దాడులు.

ఏ సంఘటన ఎదురైనా ‘ఇది ఏ రెండు మేకుల మధ్య?’ అని అడగండి. సెనేటర్ మెకార్థీ 1950లో తన దగ్గర ప్రభుత్వంలోని కమ్యూనిస్టుల జాబితా ఉందంటూ గగ్గోలు పెట్టింది 1945కీ 1954కీ మధ్య. అంటే కోల్డ్ వార్ (అమెరికా, సోవియట్ల ప్రచ్ఛన్న యుద్ధం) మొదటి అంకం. ఇంత తెలిస్తే మల్టిపుల్ ఛాయిస్‌లో నాలుగింటిలో రెండు జవాబులు వాటంతటవే రాలిపోతాయి.

కార్డు ఎలా రాయాలి

ఫ్లాష్ కార్డు వెనక చాలామంది ఒక నిర్వచనం రాసి వదిలేస్తారు. అది పదసంపద కార్డు అవుతుంది తప్ప చరిత్ర కార్డు అవదు. వెనక నాలుగు పంక్తులుండాలి: ఎప్పుడు, ఎందుకు జరిగింది, దానివల్ల ఏం మారింది, వ్యాసంలో వాడుకోదగ్గ ఒక్క గట్టి వివరం. ఉదాహరణకు ముందు ‘మాంట్‌గోమరీ బస్ బాయ్‌కాట్’ అని ఉంటే, వెనక ఇలా ఉండాలి:

1955 డిసెంబర్ నుంచి 1956 డిసెంబర్ దాకా. రోసా పార్క్స్ సీటు ఖాళీ చేయనన్నందుకు అరెస్టు. అంతకుముందే సంఘాలు సిద్ధంగా ఉన్నాయి. కింగ్ జాతీయ నాయకుడయ్యాడు, అహింసా పద్ధతి పనిచేస్తుందని తేలింది. 381 రోజులు నడిచారు; అయినా బస్సుల్లో నల్లవారిని విడిగా కూర్చోబెట్టే వేర్పాటును చివరికి తీసేసింది సుప్రీం కోర్టు తీర్పే.

ఆ ఆఖరి ముక్క విలువైనది. ‘జనం ఉద్యమించారు, గెలిచారు’ అని రాసేవాళ్ళు క్లాసులో ఇరవైమంది ఉంటారు. ఉద్యమ ఒత్తిడి, కోర్టు కేసు రెండూ పక్కపక్కనే నడిచాయని రాసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. కార్డులు అరవై డెబ్బై దాటనివ్వకండి. దాటాయంటే ఏది ముఖ్యమో మీరింకా తేల్చుకోలేదన్నమాట. చూసిన కార్డును మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి తీయండి.

పరీక్ష ఇంగ్లిష్‌లో కాబట్టి పేర్లు, పదాలు ఇంగ్లిష్‌లోనే రాసుకోండి. అర్థం మాత్రం మీకు మీరు తెలుగులో చెప్పుకుంటే ఎక్కువ నిలుస్తుంది. కంటైన్‌మెంట్ అంటే కమ్యూనిజం ఉన్నచోటే ఉండేలా, బయటికి పాకకుండా కట్టడి చేయడం. రోల్‌బ్యాక్ అంటే ఉన్నచోటు నుంచి కూడా వెనక్కి నెట్టడం. డేటాంట్ అంటే పోటీ మానకుండానే ఉద్రిక్తత తగ్గించుకోవడం. ఈ మూడూ తెలుగులో తేడాగా చెప్పగలిగితే ట్రూమన్, రీగన్, నిక్సన్ విధానాలు కలగాపులగం కావు.

ఒక్క తీగ (కారణాల గొలుసు) పూర్తిగా లాగి చూద్దాం: మహా మాంద్యం

‘స్టాక్ మార్కెట్ కూలింది కాబట్టి మాంద్యం వచ్చింది’ అనే వాక్యం టీచర్లు ఏటా చదివి చదివి విసిగిపోయిన వాక్యం. మార్కెట్ కూలింది 1929 అక్టోబర్ 24, 29 తేదీల్లో. నిరుద్యోగం సుమారు 25 శాతానికి చేరింది 1933లో. మధ్యలో ఆ మూడున్నరేళ్ళలో ఏం జరిగిందో చెప్పడమే జవాబు.

పొలాల దగ్గర మొదలుపెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్‌కు తిండి పంపడానికి రైతులు అప్పులు చేసి భూములు, ట్రాక్టర్లు కొన్నారు. యుద్ధం ముగిసింది, ధరలు పడ్డాయి, అప్పు మిగిలింది. అంటే 1920లు అందరికీ వెలుగుల దశాబ్దం కాదు. పట్నాల్లో కార్లు, రేడియోలు వాయిదాల మీద కొంటున్నారు. షేర్లు కూడా అప్పు మీదే: ధరలో పదో వంతు చేతి నుంచి పెట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర తీసుకునేవాళ్ళు. ధర కాస్త పడితే చాలు, బ్రోకర్ డబ్బు కట్టమంటాడు. కట్టలేక అమ్మితే ధర ఇంకా పడుతుంది. ఇదీ 1929.

అక్కడి నుంచి బ్యాంకులు. డిపాజిట్లకు బీమా లేదు. పక్క ఊళ్ళో బ్యాంకు మూతపడిందని వినగానే జనం క్యూ కట్టేవాళ్ళు. ఆ క్యూ వల్లే బాగున్న బ్యాంకు కూడా పడేది. 1930, 1933 మధ్య సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, డబ్బు సరఫరా పడిపోతుంటే అడ్డుకోలేదు. 1930లో స్మూట్-హాలీ సుంకం పెట్టి దిగుమతుల మీద పన్ను పెంచితే, మిగతా దేశాలు తిరిగి పన్ను వేశాయి. ఎగుమతులూ పోయాయి.

ఇప్పుడు న్యూ డీల్, అంటే మాంద్యానికి విరుగుడుగా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన కార్యక్రమాలు, ఎంత సులువుగా గుర్తుంటుందో చూడండి. ప్రతి సంస్థా పైన చెప్పిన ఏదో ఒక జబ్బుకు మందు. బ్యాంకులకు పరుగు ఆపడానికి డిపాజిట్లకు బీమా చేసే ఎఫ్‌డీఐసీ. షేర్ల మోసాలకు ఎస్ఈసీ. పంట ధరలకు ఏఏఏ. పనిలేని కుర్రాళ్ళకు సీసీసీ, పెద్దలకు డబ్ల్యూపీఏ. వృద్ధులకు 1935 సోషల్ సెక్యూరిటీ. అక్షరాల జాబితా బట్టీపడితే రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. జబ్బు పక్కన మందు పెట్టుకుంటే పోదు.

ఇంకో మెలిక. గ్రాఫ్ ఇచ్చి అడిగే ప్రశ్నల్లో ఇది తరచూ వస్తుంది: నిరుద్యోగం 1937లో 14 శాతం దగ్గరికి దిగి, 1938లో మళ్ళీ 19 శాతానికి ఎక్కింది. ఎందుకు? కోలుకున్నామనుకుని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఖర్చు తగ్గించాడు, ఫెడరల్ రిజర్వ్ కూడా పట్టు బిగించింది. నిరుద్యోగాన్ని నిజంగా తుడిచింది రెండో ప్రపంచ యుద్ధపు కర్మాగారాలు. 1942కల్లా 5 శాతం లోపుకి వచ్చేసింది. కాబట్టి ‘న్యూ డీల్ మాంద్యాన్ని అంతం చేసింది’ అని రాయకండి. ఊరట ఇచ్చింది, వ్యవస్థలను సంస్కరించింది, పూర్తిగా కోలుకునేలా చేయలేకపోయింది.

ఇలాంటి తీగలు మొత్తం సిలబస్‌లో ఏడెనిమిది ఉంటాయి. వియత్నాం ఇంకొకటి: 1964 టాంకిన్ తీర్మానంతో అధ్యక్షుడికి ఇష్టారాజ్యం, 1965లో పోరాట దళాలు, 1968 టెట్ దాడితో ప్రభుత్వం చెప్పేది నిజం కాదని జనానికి అనుమానం, 1970లో కంబోడియా మీదికి సేనలు, దానికి నిరసనల్లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో సైనికుల కాల్పులకు నలుగురు విద్యార్థుల మరణం, 1971లో పద్దెనిమిదేళ్ళకే ఓటు, 1973లో అధ్యక్షుడి యుద్ధాధికారాలకు కాంగ్రెస్ కళ్ళెం. ఆ చివరి చట్టం నిక్సన్ వీటోను తోసిపుచ్చి మరీ చేశారు. అక్కడి నుంచి వాటర్‌గేట్ ఒక్క అడుగు దూరం.

వలస చట్టాల తీగ మనవాళ్ళ పిల్లలకు ప్రత్యేకంగా పనికొస్తుంది, పైగా తేలిగ్గా గుర్తుంటుంది. 1882లో చైనీయుల నిషేధం. 1917లో ఆసియాలో చాలా భాగానికి, మన దేశంతో సహా, తలుపు మూత. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసు: అమెరికా సైన్యంలో పనిచేసినవాడికి కూడా, తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వం కుదరదని సుప్రీం కోర్టు తేల్చింది. 1924లో దేశాలవారీ కోటాలు. 1946లో భారతీయులకు ఏడాదికి వంద కోటా, పౌరసత్వానికి అర్హత. 1965లో పాత కోటా పద్ధతి రద్దు. పౌర హక్కుల ఉద్యమం, కోల్డ్ వార్ ఈ ఆఖరి చట్టానికి వెనక ఉన్నాయని ఒక్క వాక్యం కలిపితే వ్యాసంలో ఎవరూ రాయని ఉదాహరణ మీ చేతిలో ఉన్నట్టే.

కవలలు: మార్కులు పోయేది ఇక్కడే

రూజ్‌వెల్ట్‌లు ఇద్దరు. థియొడోర్ రిపబ్లికన్, 1901 నుంచి 1909, స్క్వేర్ డీల్, పనామా కాలువ. ఫ్రాంక్లిన్ డెమొక్రాట్, 1933 నుంచి 1945, న్యూ డీల్. జవాబులో ఉత్త ‘రూజ్‌వెల్ట్’ అని ఎప్పుడూ రాయకండి. ఫెయిర్ డీల్ ట్రూమన్‌ది, గ్రేట్ సొసైటీ జాన్సన్‌ది.

రెడ్ స్కేర్‌లూ (కమ్యూనిస్టులంటే దేశాన్ని ఊపేసిన భయం) రెండు. మొదటిది 1919, 1920: రష్యా విప్లవం, సమ్మెలు, అటార్నీ జనరల్ పామర్ జరిపించిన అరెస్టుల దాడులు. రెండోది 1940ల చివర నుంచి 1950ల మధ్య దాకా: మెకార్థీ.

1964 చట్టం, 1965 చట్టం. అలబామాలోని బర్మింగ్‌హామ్ వీధుల్లో నల్లజాతి పిల్లల మీద కుక్కలను వదిలిన 1963 దృశ్యాలు 1964 పౌర హక్కుల చట్టానికి దారితీశాయి: హోటళ్ళు, ఉద్యోగాల్లో వివక్ష మీద నిషేధం. ఓటు హక్కు కోసం నడిచినవాళ్ళకు సెల్మా వంతెన మీద 1965 మార్చి 7న పడిన దెబ్బలు ఓటు హక్కు చట్టానికి దారితీశాయి. బర్మింగ్‌హామ్‌కు 64, సెల్మాకు 65. ఇలా జంటగా పెట్టుకోండి.

బ్రిటిష్ ప్రయాణికుల నౌక లూసిటేనియాను జర్మనీ జలాంతర్గామి ముంచింది 1915 మేలో. అమెరికా యుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్‌లో. దాదాపు రెండేళ్ళ తేడా ఉన్నదాన్ని వెంటనే కారణంగా రాస్తే తప్పు. 1917 ఫిబ్రవరిలో జర్మనీ జలాంతర్గాముల దాడులు మళ్ళీ విచ్చలవిడిగా మొదలెట్టడం, అమెరికా మీదికి మెక్సికోను ఉసిగొల్పిన జర్మనీ జిమ్మర్‌మన్ టెలిగ్రామ్ బయటపడటం దగ్గరి కారణాలు.

పార్టీల సంగతి కూడా. ఇవాళ్టి రిపబ్లికన్, డెమొక్రాట్ బొమ్మను 1900 మీద అతికించకండి. అప్పట్లో వేర్పాటును కాపాడిన దక్షిణాది నాయకులు డెమొక్రాట్లు. 1930ల్లో ఉత్తరాది నల్లజాతి ఓటర్లు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వైపు కదలడం, 1964 తర్వాత దక్షిణాది తెల్లవారు రిపబ్లికన్ల వైపు కదలడం, ఈ రెండు కదలికలూ తెలిస్తే చాలు.

డాక్యుమెంట్‌ను చదివే తీరు

చూపు ముందు డాక్యుమెంట్ కిందున్న చిన్న అక్షరాల మీదికి పోవాలి: ఎవరు, ఎప్పుడు, ఎవరితో. ఆ తర్వాతే లోపలి విషయం. ట్రూమన్ 1947 మార్చి 12న కాంగ్రెస్ ముందు చేసిన ప్రసంగం ఇచ్చారనుకుందాం. గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడుగుతున్నాడు. అడిగేది రెండు దేశాలకే, మాట్లాడేది మాత్రం ప్రపంచమంతటా స్వేచ్ఛ గురించి. ఎందుకంత పెద్ద మాట? వింటున్నది ఎవరో చూడండి. 1946 ఎన్నికల్లో కాంగ్రెస్ రిపబ్లికన్ల చేతికి వెళ్ళింది, విదేశాల మీద డబ్బు పోయడానికి వాళ్ళు ఇష్టపడటం లేదు. గ్రీస్ భారం ఇక మోయలేనని బ్రిటన్ అప్పుడే చేతులెత్తేసింది. అందుకే ట్రూమన్ దాన్ని మామూలు సాయంగా కాకుండా రెండు జీవన విధానాల మధ్య పోరాటంగా చెప్పాడు. ఇంతా కలిపి రెండు వాక్యాల్లో రాస్తే, ప్రసంగాన్ని తిరగరాసి పది వాక్యాలు నింపిన జవాబు కన్నా ఎక్కువ మార్కులు. డాక్యుమెంట్‌లో ఉన్నదే మళ్ళీ చెప్పడం ఈ విభాగంలో అతి మామూలు పొరపాటు.

కార్టూన్ అయితే లేబుళ్ళు, ఎవరు పెద్దగా గీశారు, ఎవరు చిన్నగా, గీసినవాడు నవ్వేది ఎవరిని చూసి అన్నది చూడండి. గ్రాఫ్ అయితే వంపు తిరిగిన సంవత్సరాన్ని మేకుల పక్కన పెట్టండి.

వ్యాసం

‘న్యూ డీల్ కేంద్ర ప్రభుత్వ పాత్రను ఎంతవరకు మార్చింది?’ అని ప్రశ్న. ‘న్యూ డీల్ అమెరికాను చాలా మార్చింది’ అనేది థీసిస్ (వ్యాసమంతా నిరూపించే మీ వాదన) కాదు. కాదనేవాళ్ళు లేని మాట థీసిస్ కాదు. ఇలా ఉండాలి: ‘న్యూ డీల్ మాంద్యాన్ని అంతం చేయలేకపోయినా, డిపాజిట్ల బీమా, సోషల్ సెక్యూరిటీలతో పౌరుడి ఆర్థిక భద్రతను కేంద్రం బాధ్యతగా మార్చింది, అయితే వ్యవసాయ కూలీలను, ఇంటి పనివాళ్ళను మినహాయించడం వల్ల చాలామంది నల్లజాతి కార్మికులకు ఆ భద్రత అందలేదు.’ ఒక ‘అయినా’, ఒక ‘అయితే’. మొదటిది ఒప్పుకోలు, రెండోది హద్దు. ఇంగ్లిష్‌లో రాసినా అమరిక ఇదే. ఈ ఒక్క వాక్యంలోనే మూడు పేరాలకు సరుకు వచ్చేసింది. ప్రతి పేరాలో పేరున్న చట్టమో, తీర్పో, సంఘటనో కనీసం రెండు పడాలి.

ఇంట్లో పూర్తి వ్యాసాలు బోలెడు రాయనక్కర్లేదు. పాత ప్రశ్నలు ఎనిమిది తీసుకుని, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాల్లో థీసిస్, మూడు పేరాల ముఖ్యాంశాలు, ఆధారాలు మాత్రం రాయండి. పూర్తి వ్యాసాలు రెండు చాలు, అవి గడియారం పెట్టుకుని, చేత్తో. టైప్ చేసి అలవాటైన చేయి నలభై నిమిషాలు పెన్ను పట్టుకుంటే నొప్పి పుడుతుంది. అది పరీక్ష రోజున మొదటిసారి తెలియడం మంచిది కాదు.

పద్నాలుగు రోజుల లెక్క

మొదటి రోజు పేపర్ స్వరూపం, స్టడీ గైడ్, పాత క్విజ్‌లు పోగేయండి. క్విజ్‌లలో తప్పైనవి ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి, అవే మీ అసలు సిలబస్. రెండు నుంచి ఎనిమిదో రోజు దాకా రోజుకో యూనిట్, గంట చొప్పున: ఇరవై ఐదు నిమిషాలు నోట్స్ చదివి కార్డులు రాయడం, తర్వాత అన్నీ మూసేసి తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా పది నిమిషాలు రాయడం, ఆ తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి వేరే రంగుతో నింపడం, మిగిలిన సమయం పాత కార్డులకు. ఆ రెండో రంగే రేపు చదవాల్సింది. మార్కర్‌తో పసుపు పూసుకుంటూ మళ్ళీ మళ్ళీ చదివితే అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది, కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రాదు. తొమ్మిది, పది రోజులు ఎర్ర గుర్తులకు. పదకొండు, పన్నెండు వ్యాసాలకు. పదమూడో రోజు మల్టిపుల్ ఛాయిస్ మాదిరి పేపర్ ఒకటి. ఆఖరి రోజు మేకులు, కవలలు, నిద్ర.

మూడు రోజులే మిగిలాయా? యూనిట్ల జోలికి పోకండి. మేకులు ఒక పూట, మాంద్యం నుంచి న్యూ డీల్, కోల్డ్ వార్, పౌర హక్కులు, వియత్నాం నుంచి వాటర్‌గేట్ అనే నాలుగు తీగలు రోజున్నర, మిగతా సమయం థీసిస్‌లు.

హాల్లో

మల్టిపుల్ ఛాయిస్‌లో నాలుగు జవాబుల్లో మూడు నిజాలే కావచ్చు. నిజమే అయినా వేరే కాలానికి చెందినది తప్పు జవాబే. 1920ల వలస కోటాల కారణం అడిగితే, కమ్యూనిజం కట్టడి అన్న మాట చూసి మోసపోకండి, ఆ విధానం 1947ది. ‘అన్నిటికన్నా నేరుగా’ అని ప్రశ్నలో ఉంటే దగ్గరి కారణం కావాలని అర్థం.

డాక్యుమెంట్ వ్యాసం ఉంటే ముందు ప్రశ్న చదవండి, డాక్యుమెంట్లు తెరవకముందే ఆ విషయం మీద మీకు తెలిసినవి అయిదారు పేర్లు మార్జిన్‌లో గీకేయండి. డాక్యుమెంట్లు చదివాక వాటి మాటలే బుర్రలో తిరుగుతాయి, బయటి ఆధారం ఒక్కటీ గుర్తురాదు. దానికి వేరే మార్కు ఉంటుంది. టైమ్ అయిపోతుంటే వాక్యాలు వదిలేసి, మిగిలిన పేరా ముఖ్యాంశాన్నీ రెండు ఆధారాలనూ పొడిపొడిగా అయినా రాసి ఇచ్చేయండి. ఖాళీ కాగితానికి మార్కు వేయాలని టీచర్‌కు ఉన్నా వేయలేడు.